యూరప్ గ్రాంటు: స్టాఫ్‌రూము కబుర్లు, అసలు నియమాలు

పెద్ద పరిశోధన కేంద్రం ఏదైనా లేవాలంటే అంతకుముందు కొన్నేళ్లు వేరే పని నడవాలి. ఆ కేంద్రం అసలు కావాలా, ఎక్కడ పెట్టాలి, ఎంతవుతుంది, ఎవరు భరిస్తారు, కట్టాక ఎవరు వాడుకుంటారు అని తేల్చే పని అది. దానికి యూరోపియన్ యూనియన్ విడిగా డబ్బిస్తుంది. ఇదివరకు వీటిని డిజైన్ స్టడీలనేవాళ్లు. 2021 నుంచి 2027 దాకా నడిచే ‘హొరైజన్ యూరప్’ కార్యక్రమంలో కాన్సెప్ట్ డెవలప్‌మెంట్ అంటున్నారు. ఒక్కో ప్రాజెక్టుకు 10 లక్షల నుంచి 30 లక్షల యూరోల దాకా వస్తుంది. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో కాలేజీ స్టాఫ్‌రూములో ఈ మాట ఎత్తి చూడండి, టీ చల్లారేలోగా నాలుగు అపోహలైనా బయటికొస్తాయి.

అపోహ: గ్రాంటు వచ్చిందంటే మన దగ్గర పెద్ద ల్యాబు కట్టినట్టే.

మన వైపు నిధులు మంజూరయ్యాయి అనగానే కళ్ల ముందు శిలాఫలకం, కొబ్బరికాయ కనిపిస్తాయి. తంగెడంచ మెగా సీడ్ పార్కుకు 2017లో శంకుస్థాపన చూసిన నంద్యాల జిల్లా ఇది. శంకుస్థాపనకూ కట్టడానికీ మధ్య దూరం ఎంతో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే డిజైన్ గ్రాంటు శంకుస్థాపనకు కూడా చాలా ముందటి మెట్టు.

‘ఐన్‌స్టీన్ టెలిస్కోప్’ సంగతే చూడండి. గురుత్వ తరంగాలను పట్టుకోవడానికి భూమి లోపల సొరంగాల్లో, పది కిలోమీటర్ల చేతులతో ఒక పరికరం పెట్టాలన్నది యూరప్ శాస్త్రవేత్తల ఆలోచన. 2008లో యూరోపియన్ యూనియన్ ఏడో ఫ్రేమ్‌వర్క్ కార్యక్రమం దీని డిజైన్ స్టడీకి దాదాపు 30 లక్షల యూరోలిచ్చింది. నేటి మారకంలో ముప్పై కోట్ల రూపాయల దరిదాపు. మూడేళ్లు పనిచేసి 2011లో నివేదిక ఇచ్చారు. యూరప్ దేశాలు కలిసి వేసుకునే ముఖ్య పరిశోధన కేంద్రాల జాబితా, అంటే ఈఎస్ఎఫ్ఆర్ఐ రోడ్‌మ్యాప్‌లో దానికి చోటు దొరికింది 2021లో. నివేదిక వచ్చిన పదేళ్లకు! ఆ తర్వాత కూడా స్థలం కోసం ఇటలీలోని సార్డినియా ఒక పక్క, నెదర్లాండ్స్–బెల్జియం–జర్మనీ సరిహద్దు ప్రాంతం మరో పక్క పోటీపడ్డాయి. కట్టడానికి అంచనా ఖర్చు దాదాపు 200 కోట్ల యూరోలు. డిజైన్‌కు ఇచ్చిన 30 లక్షలు అందులో ఎన్నోవంతో లెక్కేసుకుంటే ఈ గ్రాంటు స్థాయి తెలుస్తుంది.

కట్టే డబ్బు ప్రధానంగా ఆయా దేశాల ఖజానాల నుంచి రావాలి. జర్మనీలో డార్మ్‌స్టాట్ దగ్గర కడుతున్న ‘ఫెయిర్’ కణ త్వరణి కేంద్రం డిజైన్ పనుల్లో కొంత భాగానికి ఆరో ఫ్రేమ్‌వర్క్ కార్యక్రమం సాయం చేసింది. కట్టుబడి దగ్గరికొచ్చేసరికి 2010లో తొమ్మిది దేశాలు ఒప్పందం చేసుకుని వాటాలు వేసుకున్నాయి. అందులో భారత్ ఒకటి. మన వాటా చాలావరకు పరికరాల రూపంలోనే వెళ్తోంది. ఆ త్వరణికి కావలసిన పవర్ కన్వర్టర్లు హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. అంటే తెలుగు నేలకు ఆ కేంద్రం వల్ల అందింది కట్టడం కాదు, పని, దాంతోపాటు నైపుణ్యం. నన్నడిగితే చిన్న లాభమేమీ కాదు.

అపోహ: డిజైన్ అంటే ఇంజనీర్లు గీసిచ్చే డ్రాయింగులు.

ఆళ్లగడ్డ శిల్పి రాయి మీద ఉలి పెట్టేముందు కొలతలు వేసుకుని గీతలు గీసుకుంటాడు. అతని బాధ్యత విగ్రహం వరకే. గుడి కట్టేదెవరు, ధర్మకర్తలెవరు, ధూపదీప నైవేద్యాలకు మాన్యం ఎక్కడిది అన్న ప్రశ్నలు అతనివి కావు. పరిశోధన కేంద్రం డిజైన్ ప్రపోజల్ ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు వెతుకుతానని ఒప్పుకోవాలి. పెద్ద కేంద్రానికి ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు కట్టుబడి ఖర్చులో పదోవంతు దాకా ఉంటుందని ఒక లెక్క. అంటే పదేళ్లలో ఇంకో కేంద్రం కట్టినంత. ఆ డబ్బు ఎవరిస్తారో చెప్పకపోతే ఎంత గొప్ప యంత్రం గీసినా మార్కులు పడవు.

యాజమాన్యం మరో చిక్కు. పలు దేశాలు కలిసి ఒక కేంద్రాన్ని నడపడానికి 2009లో యూరోపియన్ యూనియన్ ‘ఎరిక్’ అనే చట్టరూపాన్ని తెచ్చింది. అది సరిపోతుందా, కంపెనీగా పెట్టాలా, ప్రభుత్వాల మధ్య ఒప్పందం చాలా? ఇదీ డిజైన్‌లో భాగమే. వాడుకునేవాళ్లను ఏ పద్ధతిలో ఎంచుకుంటారు, డేటాను ఎవరికి ఎలా ఇస్తారు, చుట్టుపక్కల నీటికీ నేలకూ ఏమవుతుంది, ఇవి కూడా. అందుకే మంచి ప్రపోజల్ బృందంలో భౌతిక శాస్త్రవేత్త పక్కన లాయరూ, అకౌంట్సు తెలిసినవాళ్లూ కనిపిస్తారు. మన కాలేజీల్లో ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు ఈ ఇద్దరినీ పిలిచే అలవాటు లేదు.

అపోహ: భారతీయులకు అర్హత లేదు. దీని కవల: భారతీయులకూ మామూలుగానే డబ్బిస్తారు.

రెండూ తప్పే. రెండింటికీ మూలం 2014 నాటి ఒక మార్పు. అంతకుముందు, అంటే ఏడో ఫ్రేమ్‌వర్క్ కార్యక్రమం నడిచిన 2007–13 మధ్య, భారత సంస్థ ప్రాజెక్టులో చేరితే యూరప్ నిధి దానంతటదే వర్తించేది. 2014లో ‘హొరైజన్ 2020’ మొదలైనప్పుడు భారత్, చైనా, బ్రెజిల్, రష్యా, మెక్సికోలను అలా నిధి దానంతటదే వర్తించే దేశాల జాబితా నుంచి తీసేశారు. హొరైజన్ యూరప్ నియమాల్లోనూ భారత్ ఆ జాబితాలో లేదు. పాత అనుభవం ఉన్న పెద్దలు ‘ఇస్తారు’ అంటారు, కొత్తగా ప్రయత్నించి నిరాశపడినవాళ్లు ‘రానివ్వరు’ అంటారు. ఎవరి కాలం వాళ్లు చెబుతున్నారు.

ఇప్పటి సంగతి ఇది. భారత సంస్థ బృందంలో చేరడానికి అడ్డేమీ లేదు. కాకపోతే సాధారణంగా ‘అసోసియేటెడ్ పార్ట్‌నర్’గా, తన ఖర్చు తాను తెచ్చుకుని చేరాలి. ఆ ఖర్చుకు కేంద్ర ప్రభుత్వ శాస్త్ర విభాగాల వైపు చూడాలి. కొన్ని అంశాల్లో రెండు వైపులా డబ్బు పెట్టే ఉమ్మడి పిలుపులు, అంటే ప్రపోజల్స్ పంపమనే ప్రకటనలు, వచ్చాయి. 2018లో నీటి మీద వచ్చింది అలాంటిదే. మినహాయింపులూ ఉన్నాయి. పిలుపు పాఠంలోనే భారత్‌కు నిధి అని రాసి ఉన్నా, ఫలానా సంస్థ లేకపోతే ప్రాజెక్టే నడవదని నిధి ఇచ్చేవాళ్లు ఒప్పుకున్నా డబ్బు వస్తుంది. ఆ రెండో మినహాయింపును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

ఒక్క ప్రొఫెసర్ తన పేరుతో అర్జీ పెట్టుకోవచ్చు అనే మాటా ఇక్కడే తేల్చేద్దాం. ఈ రకం గ్రాంటుకు కనీసం మూడు వేర్వేరు దేశాల నుంచి మూడు స్వతంత్ర సంస్థలు కావాలి. మూడూ యూనియన్ సభ్యదేశాలవో, ఒప్పందంతో ఈ కార్యక్రమంలో చేరిన అనుబంధ దేశాలవో అయ్యుండాలి, ఒకటి తప్పనిసరిగా సభ్యదేశానిది. 2024 నుంచి బ్రిటన్ అనుబంధ దేశాల లెక్కలోకి వచ్చింది. నంద్యాల సంస్థ నాలుగోదిగానో పదోదిగానో ఉండొచ్చు, మొదటి మూడింట్లో కాదు. వ్యక్తిగా వెళ్లాలనుకునేవాళ్లకు మేరీ క్యూరీ ఫెలోషిప్పులు, యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ (ఈఆర్‌సీ) గ్రాంట్లు వేరే ఉన్నాయి. వాటికి ఏ దేశస్థులైనా అర్హులే. కానీ పని చేయాల్సింది ప్రధానంగా యూరప్ సంస్థలో.

అపోహ: ఇవన్నీ కణాలు, టెలిస్కోపుల గొడవ. నంద్యాల దగ్గర ఏముంది?

బనగానపల్లె వైపు జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు మరొకటి లేదంటారు. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి ఈ లోయలో పడి, వాన నీటికి కొట్టుకొచ్చి మీటర్ల మందాన పేరుకుంది. ఊళ్లోవాళ్లు దాన్ని తవ్వి పాత్రలు తోమే పొడికి అమ్మేవాళ్లు. ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయం నుంచి రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉన్న మైఖేల్ పెట్రాగ్లియా, వాళ్ల బృందం ఇక్కడ తవ్వి చూస్తే బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండింటి తీరులో పెద్ద తేడా లేదు. అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికి బట్టకట్టారన్న వాదనకు అది బలమిచ్చింది. ఈ పరిశోధన 2007లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆ పనిముట్లు చేసింది మన జాతి మానవులేనా అన్న తగాదా ఆ తర్వాత కూడా సాగింది. శాస్త్రంలో అది ఆరోగ్యమే.

పెట్రాగ్లియా ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ నుంచి ఈఆర్‌సీ అడ్వాన్స్‌డ్ గ్రాంటు తెచ్చుకుని అరేబియా ఎడారుల్లో ప్రాచీన మానవుల అడుగులు వెతికాడు. మన బూడిద మీద పేరు తెచ్చుకున్న పరిశోధన మరో నేలకు వెళ్లింది. తప్పు ఆయనది కాదు. కానీ బనగానపల్లె చుట్టుపక్కల ఆ పొరను కాపాడి, నమూనాలు భద్రపరిచి, వచ్చినవాళ్లకు పనిచేసుకునే చోటిచ్చే ఒక కేంద్రం ఉండాలని మనలో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ రెండో మినహాయింపు. ఫలానా సంస్థ లేకపోతే ప్రాజెక్టు నడవదు అని ఎప్పుడనగలం? ఆ సంస్థ చేతిలో యూరప్‌లో దొరకనిది ఉన్నప్పుడు. వారసత్వ సంపద శాస్త్రం, పర్యావరణం, పంటల లక్షణాలను కొలిచే యంత్రాంగం, వీటన్నిటికీ యూరప్ రోడ్‌మ్యాప్‌లో చోటుంది. పంటల కొలతల కోసం ‘ఎంఫసిస్’ అనే కేంద్రాల గొలుసు 2016లోనే ఆ జాబితాకెక్కింది. మన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నాటిది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ అక్కడ పుట్టిందే. వానాధార నల్లరేగడిలో శనగ ఎలా తట్టుకుంటుందో ఏళ్ల తరబడి చూసిన చోటు డెన్మార్క్‌లో ఉండదు. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు, బేతంచెర్ల దగ్గర 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించిన బిల్లసర్గం గుహలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఇవి ఉన్నంత మాత్రాన గ్రాంటు రాదు. కానీ వీటి గురించి ఒక పేజీ రాసి, అదే అంశం మీద పనిచేస్తున్న యూరప్ బృందానికి పంపడానికి ఖర్చేమీ లేదు. నిజంగా అర్జీ మొదలయ్యేది అక్కడే. యూరోపియన్ యూనియన్ నిధుల పోర్టల్‌లో ఫారం తెరవడం చివరి పని.

అపోహ: దీనికి ఢిల్లీలో ఏజెంట్లుంటారు, ఇంత శాతం అనుకుంటే వాళ్లే చూసుకుంటారు.

అర్జీకి ఫీజు లేదు. పోర్టల్ అందరికీ తెరిచే ఉంటుంది. సంస్థ పేరు నమోదు చేసుకుంటే తొమ్మిదంకెల గుర్తింపు సంఖ్య ఉచితంగా వస్తుంది. మూల్యాంకనం చేసేది బయటి నిపుణులు, ఒక్కో ప్రపోజల్‌ను కనీసం ముగ్గురు విడివిడిగా చదువుతారు. రాయడంలో సాయం చేసే కన్సల్టెంట్లు యూరప్‌లోనూ ఉన్నారు, అది వేరు. ఫలితం ఇప్పిస్తానని డబ్బడిగితే అది మోసం.

అపోహ: పంపేస్తే సరి, పాసయితే డబ్బు ఖాతాలో పడుతుంది.

పంపడంలోనే ఒక చిక్కుంది. గడువు బ్రసెల్స్ సమయం సాయంత్రం 5 గంటలు. చలికాలంలో మనకు రాత్రి 9:30, వేసవిలో 8:30. ఒక్క నిమిషం దాటినా పోర్టల్ తీసుకోదు. హాల్‌టికెట్ చూపించి బతిమాలుకోవడానికి అక్కడ ఇన్విజిలేటరు ఉండడు.

మూడు అంశాలకు ఐదేసి మార్కులు: శాస్త్రీయ శ్రేష్ఠత, ప్రభావం, అమలు తీరు. ఒక్కోదాంట్లో కనీసం 3, మొత్తం 15కు కనీసం 10 రావాలి. పది రావడమంటే పాసవడమే, డబ్బు రావడం కాదు. పైనుంచి వరస పెట్టి నిధి ఉన్నంతవరకే ఇస్తారు. ఐదు నెలల్లో ఫలితం, ఎనిమిది నెలల్లో ఒప్పందం. ఫలితంతో పాటు ఎక్కడ ఎందుకు తగ్గాయో రాసిన నివేదిక వస్తుంది. ఓడిన బృందానికి అసలైన పాఠ్యపుస్తకం అదే. మళ్లీ పిలుపు వచ్చినప్పుడు దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లే ముందుకు పోతారు.

డబ్బు కూడా ఒక్కసారి రాదు. కొంత ముందస్తుగా, మిగతాది నివేదికలు ఒప్పుకున్నాక వస్తుంది. అసలు ఖర్చుల లెక్కన నడిచే గ్రాంట్లలో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో రాసి పెట్టాలి. చివరి చెల్లింపు అయ్యాక కూడా రెండేళ్ల దాకా ఆడిట్‌కు రావొచ్చు. మన వైపు విదేశీ నిధుల చట్టం తమకు ఎంతవరకు వర్తిస్తుందో సంతకానికి ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోవాలి, తర్వాత కాదు. కాలేజీ యాజమాన్యాలు మొదట అడిగే ‘ఇందులో బిల్డింగుకు ఎంత వస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు సున్నా. ఆ సున్నా విన్నాక కూడా కుర్చీలోంచి లేవని వాళ్లు ఇద్దరు దొరికితే, ఆ ఒక్క పేజీ రాయడం మొదలుపెట్టొచ్చు.