ముందు చదువు, తర్వాతే సీటు
ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదివే మాస్టర్స్ డిగ్రీ అంటే చాలామందికి చిన్నచూపు. అమెరికాలో 1910లో మొదలైన హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్ నిబంధనలు చూస్తే ఆ చిన్నచూపు నిలవదు. అక్కడ లిబరల్ ఆర్ట్స్ మాస్టర్స్‌కు జీఆర్‌ఈ అక్కర్లేదు. డిగ్రీ ఉన్నవాళ్లు ముందు కోర్సుల్లో చేరిపోయి, పరిశోధనా వ్యాసం రాయడం నేర్పే ప్రోసెమినార్‌తో సహా నిర్దేశించినవాటిలో కనీసం బి గ్రేడు తెచ్చుకోవాలి. సీటు మాట ఆ తర్వాతే. ఒక్కపూట ప్రవేశపరీక్ష కంటే సెమిస్టరంతా రాసిన వ్యాసాలే మనిషి సత్తాను బయటపెడతాయి.

తలుపులు బార్లా తెరిస్తే ప్రమాణాలు పడిపోవా అంటారేమో. తెరిచింది కోర్సు తలుపులే, డిగ్రీవి కావు. అసలు చిక్కు గడువు దగ్గరుంది. మొత్తం 12 కోర్సులు, 5 ఏళ్లు. అంటే ఏడాదికి రెండో మూడో. చంటిబిడ్డ తల్లికో, షిఫ్టులు మారే నర్సుకో అదేమీ తేలిక కాదు, పైగా ఏ కోర్సుకా కోర్సుకు ఫీజు కట్టుకోవాలి. అలాగని గడువే ఎత్తేస్తే, మొదట్లో చదివింది చివరి ప్రాజెక్టు నాటికి మరుపున పడుతుంది. కాబట్టి గడువు ఉండాల్సిందే. కాన్పుకో జబ్బుకో మినహాయింపు అడిగినవాళ్ల దగ్గర మాత్రం బెట్టు చేయకూడదు.