కొండెక్కే సైకిల్ పందెం: ఏం కొనాలి? ఏం సాధన చేయాలి?

మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది ఊరి నుండి బడికి సైకిల్ తొక్కినవారే. అయినా కొండదారిలో పందెం అనగానే "అది డబ్బున్నవాళ్ళ ఆట" అని వెనుకాడతారు. మేము పీజీకి వచ్చాక కూడా ఈ మాటే వింటున్నాం. నిజమెంతో లెక్క వేసి చూద్దాం.

ఫ్రాన్స్‌లో ఆల్ప్ డ్యూయెజ్ అనే కొండదారి ఉంది. టూర్ డి ఫ్రాన్స్ పందెం 1952లో మొదటిసారి దాన్ని ఎక్కింది. పొడవు 13.8 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్లకు సగటున 8 మీటర్లు పైకి. ఇంత ఎత్తులో ఎదురుగాలి కంటే బరువే ఎక్కువ బాధిస్తుంది. మనిషి, సైకిల్ కలిపి 75 కిలోలనుకుందాం. వేలు పోసి కిలోన్నర తగ్గించినా లాభం నూటికి 2 వంతులే. గంట ప్రయాణంలో అది నిమిషం పైచిలుకు మాత్రమే.

కాబట్టి ముందు చూడాల్సింది గేరు. ముందు చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉంటే, పెడల్ ఒక చుట్టుకు వెనుక టైరు దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. ఎత్తులో మోకాళ్ళు పట్టేస్తాయి. ముందు 34, వెనుక 32 అయితే చుట్టుకు చుట్టే, కూర్చునే తొక్కవచ్చు. క్యారియర్, స్టాండు విప్పేస్తే పైసా ఖర్చు లేకుండా బరువు తగ్గుతుంది. బ్రేకులు, హెల్మెట్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. ఎక్కినవారు దిగాలి కదా!

సాధనకు వారంలో రెండు రోజులు చాలు. ఐదు నిమిషాలు గట్టిగా ఎక్కడం, నెమ్మదిగా దిగడం, ఇలా నాలుగుసార్లు. పందెంలో మొదటి కిలోమీటరు నిదానంగా తొక్కాలి. నలుగురం కలిసి ఒక గేరు సైకిల్ కొనుక్కున్నా ఈ సాధన సాగుతుంది.