అన్నిటికీ "గ్యాసే"నా?

మన ఇళ్లలో కడుపులో ఏ బాధ వచ్చినా ఒకటే పేరు, గ్యాస్. ఛాతీ మండినా గ్యాసే, పొట్ట ఉబ్బినా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే. ఇక్కడ అమెరికాలో డాక్టరుతో ఈ మాట అంటే తేన్పులు, అపానవాయువు అనుకుని అరుగుదలకు మాత్ర రాసి పంపేసే ప్రమాదం ఉంది. బి.ఎస్సీ.లో జువాలజీ చదివిన దాన్ని కదా, మా ఇంట్లో నేనొక పద్ధతి పెట్టాను. జబ్బు పేరు చెప్పొద్దు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, ఏం తిన్నాక అన్నది చెప్పాలి.

తిని పడుకోగానే రొమ్ము ఎముక వెనక మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తుంటే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందని అర్థం. పాలు తాగిన గంటా రెండు గంటల్లో ఉబ్బరం, విరేచనాలు అయి, పెరుగు మాత్రం పడుతుంటే లాక్టోజ్ అరగకపోవడం కావచ్చు.

నూనె వంటలు తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుట్టి, గంటల తరబడి ఉండి, కుడి భుజానికో వీపుకో పాకితే పిత్తాశయంలో రాళ్లేమో చూపించుకోవాలి. ఇవి ఆడవాళ్లలో ఎక్కువ, గర్భిణులకూ వస్తాయి. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగి, కదిలితే ఎక్కువవుతుంటే అపెండిసైటిస్ కావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పైకడుపులో తొలిచేసే నొప్పి అల్సర్ కావచ్చు. కారం వల్లే అల్సర్ వస్తుందని మన నమ్మకం. కానీ హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, రోజూ మింగే కొన్ని నొప్పిమాత్రలు దీనికి ముఖ్య కారణాలు. ఆ బాక్టీరియాను కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. యాంటీబయాటిక్స్‌తో ఇది నయమవుతుంది.

తారులా నల్లటి విరేచనం, మలంలో రక్తం, మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కాబట్టి వేసుకుంటుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.

గుండెపోటు కూడా ఆడవాళ్లలో ఒక్కోసారి అజీర్తిలాగే వస్తుంది. పైకడుపులో బరువుతో పాటు చెమటలు, ఆయాసం, దవడ నొప్పి ఉంటే వాము నములుతూ కూర్చోకండి. అమెరికాలో 911కి, బ్రిటన్‌లో, మలేషియాలో 999కి ఫోన్ చేయండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ నంబరు నేర్పి, పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించండి.