కంప్యూటరు మానిటరు: కొనుటకు ముందు చదివి చూడుడు

రేడియో సెట్టు కొనదలచిన ఇంటి పెద్దలు వెనుకటి రోజులలో అంగడికి పోయినపుడు, పెట్టె మీది నగిషీని చూచి తృప్తిపడక, "ఏదీ, ఒకసారి పలికించవయ్యా" అని అడిగెడివారు. మాట స్పష్టముగా వినబడుచున్నదా, గరగర ఎంత ఉన్నది, ఒక స్టేషను మరొక స్టేషనులో కలిసిపోవుచున్నదా అని చెవియొగ్గి విన్న తరువాతనే బేరమునకు దిగెడివారు. చెవికి సంబంధించిన వస్తువును చెవితోనే పరీక్షింపవలెనను ఆ నియమములో మంచి వివేకము కలదు.

నేడు అనేక కుటుంబములు కొనుచున్న వస్తువులలో కంప్యూటరు మానిటరు ఒకటి. లాప్‌టాపు చిన్న తెరపై గంటల తరబడి వంగి చదువు విద్యార్థికి, ఇంటి నుండియే ఉద్యోగము చేయు వారికి, పత్రికలను తెరమీద చదువుకొను పెద్దవారికి ఇది అవసరమైన సాధనమే. కాని దీనిని కొనునపుడు మనము కంటితో పరీక్షించుట మాని, పెట్టెమీద అచ్చువేసిన అంకెలను చదువుచున్నాము. ఎన్ని అంగుళములు, ఎన్ని హెర్ట్‌జులు, ఎన్ని కోట్ల రంగులు అని లెక్కించి, చేతిలోని సొమ్మును ఆ అంకెలలో దేనికో సమర్పించి వచ్చుచున్నాము. సొమ్ము పరిమితముగా ఉన్నవారు ఏ అంకెను గౌరవింపవలెను, దేనిని ఉపేక్షింపవచ్చును అను విషయమును ఇచట వివరింపదలచినాము.

ఈ విషయమున మేమును ఒకసారి పొరపడినవారమే. కొన్ని ఏండ్ల క్రిందట మా అమ్మాయి చదువునకు, మా ప్రసంగ పాఠములను ఇంటివద్ద సరిచూచుకొనుటకు ఒక మానిటరు కొనవలెనని అంగడికి పోయితిమి. అమ్మువాడు 24 అంగుళముల తెరను, 27 అంగుళముల తెరను ప్రక్కప్రక్కన నిలిపి, రెండింటిపై రంగుల చేపలు ఈదుచున్న బొమ్మను ఆడించెను. ధరలో భేదము స్వల్పము. పెద్దదానినే ఇంటికి తెచ్చుకొంటిమి. చేపలు బాగుగానే ఈదినవి. అక్షరములు మాత్రము ఇసుకతో వ్రాసినట్లు కనబడసాగినవి. నెల గడువకముందే, మేము సరిచూచి పంపిన ఒక పాఠములో "అర్థము" అను మాట నాలుగు చోట్ల "అర్ధము"గా నిలిచిపోయినదని మా సహోద్యోగి ఒకరు చూపించిరి. అర్థమనగా భావము, అర్ధమనగా సగము. ఈ రెండు మాటలకు నడుమ గల భేదము, రకారము క్రింది వత్తులో నుండు ఒకే ఒక చుక్క. ఆ చుక్కను మా పెద్ద తెర మాకు చూపలేదు.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. మానిటరు తెర అనునది అతి సూక్ష్మమైన చతురస్రపు గళ్ల వరుస. ఒక్కొక్క గడిని పిక్సెలు అందురు. మన అంగళ్లలో తక్కువ ధరకు దొరకు మానిటరులలో ఎక్కువ వాటికి అడ్డముగా 1920, నిలువుగా 1080 పిక్సెలులు ఉండును. అనగా మొత్తము 20 లక్షల 73 వేల పైచిలుకు గళ్లు. తెర 24 అంగుళములదైనను, 27 అంగుళములదైనను ఈ సంఖ్య మారదు. అంగుళములు పెరిగినపుడు గళ్లు పెరుగవు. ఒక్కొక్క గడి లావగును. ముగ్గు చుక్కలను దూరము దూరముగా పెట్టినచో ముగ్గు పెద్దదగును గాని, అందు సన్నని పనితనము పెరుగదు గదా!

లెక్క చూతము. 24 అంగుళముల పేరుతో అమ్ము తెరలో ఒక్కొక్క పిక్సెలు వెడల్పు సుమారు 0.27 మిల్లీమీటరులు. అదే సంఖ్య గల 27 అంగుళముల తెరలో 0.31. సుమారు 22 అంగుళముల తెరలో 0.25. ఇక 27 అంగుళములలోనే 2560, 1440 పిక్సెలులు గల తెర అయినచో 0.23. మంచి చూపు గల కన్ను 60 సెంటీమీటరుల దూరమునుండి సుమారు 0.17 మిల్లీమీటరుల ఎడమును గుర్తింపగలదు. కావున ఈ తెరలన్నింటిలోను గళ్ల జాడ కంటికి ఎంతో కొంత తెలియుచునే యుండును. గడి చిన్నదైన కొలది అక్షరము అచ్చు పుస్తకములోని అక్షరమునకు దగ్గరగును.

ఇంగ్లీషు మాత్రమే చదువు వారికి ఈ భేదము అంతగా బాధింపకపోవచ్చును. ఆ లిపిలో అక్షరములు చాలవరకు ఒకే వరుసలో నిలుచును. మన లిపి అట్టిది కాదు. నడుమ అక్షరము, దాని నెత్తిన తలకట్టో గుడియో, దాని క్రింద వత్తు, ఒక్కొక్కప్పుడు వత్తు క్రింద మరొక వత్తు. సాధారణముగా తెరమీది వ్యాసములలో అక్షరమునకు కేటాయించు పరిమాణము 16 పిక్సెలులు. ఆ కొద్దిపాటి చోటులోనే ఇన్ని అంతస్తులును ఇమడవలెను. "స్త్రీ", "రాష్ట్రము" వంటి మాటలను తలచుకొన్నచో సంగతి స్పష్టమగును. గుడికి, గుడిదీర్ఘమునకు భేదము ఒక చిన్న కొస. దకారమునకు, ధకారమునకు భేదము క్రింది గీత; ధకారమునకు, థకారమునకు భేదము నడిమి చుక్క. ఇన్ని సూక్ష్మములకు నాలుగైదు గళ్లు మాత్రమే దక్కినపుడు, కన్ను చూచినది సగము, మనస్సు ఊహించినది సగము. పెద్దలు అలవాటు చేత ఊహించి చదివివేయుదురు. అక్షరములు నేర్చుకొను పిల్లవానికి ఆ ఊహ ఎక్కడినుండి వచ్చును?

కావున మా మొదటి సలహా ఇది. పది వేల రూపాయల లోపున కొనదలచినవారు 22 లేక 24 అంగుళముల వద్ద ఆగవలెను. మంచము ఉన్నంతవరకే కాళ్లు చాచుకొనవలెనను సామెత ఇచటను వర్తించును. 27 అంగుళములే కావలెనన్నచో 2560, 1440 పిక్సెలులు గల దానికై మరికొంత సొమ్ము కూడబెట్టుకొనవలెను. పిక్సెలులు పెరుగక అంగుళములు మాత్రమే పెరిగిన తెరను, చదువు కొరకు కొనరాదు.

"ఇంట టెలివిజను ఉన్నది గదా, దానికే తగిలించరాదా?" అని కొందరు అడుగుదురు. 32 అంగుళముల చౌక టెలివిజనులలో పెక్కింటికి అడ్డముగా 1366, నిలువుగా 768 పిక్సెలులే ఉండును. వాటి గడి వెడల్పు అర మిల్లీమీటరు దాటును. గదికి ఆవలి గోడవద్దనుండి సినిమా చూచుటకు అది చాలును. బల్లముందు కూర్చుండి చదువుటకు చాలదు.

రెండవది తెర జాతి. మానిటరులలో ప్రధానముగా మూడు జాతులు కలవు: టి.ఎన్., వి.ఏ., ఐ.పి.ఎస్. మొదటిది చౌక, కాని ప్రక్కకు జరిగి చూచినచో రంగులు వెలవెలబోవును, క్రిందినుండి చూచినచో నల్లబడును. రెండవదానిలో నలుపు చిక్కగా ఉండును. రాత్రివేళ సినిమాలకు మేలు. మూడవది ఏ వైపునుండి చూచినను రంగు మారనిది. తల్లి, బిడ్డ ప్రక్కప్రక్కన కూర్చుండి పాఠము చూచు ఇండ్లకు ఇదియే తగినది. ఒకప్పుడు దీని ధర ఎక్కువ. ఇప్పుడు పది వేల లోపునను విరివిగా దొరకుచున్నది. కనుక దీనిని అడిగి తీసికొనుటయే యుక్తము.

మూడవది పీఠము. ఈ విషయమును పెట్టెమీది అంకెలు చెప్పవు. తెర పై అంచు మన కంటి మట్టమునకు గాని, దానికి కొంచెము దిగువకు గాని ఉండవలెను. చౌక మానిటరుల పీఠములు పెక్కు పైకి లేవవు. అట్టి దానిని కొన్నచో మెడ వంచి చూడవలసివచ్చును. ఎత్తు మార్చుకొను పీఠము గలది ధరకు అందినచో మంచిది. అందనిచో నాలుగు లావుపాటి పుస్తకములు ఆ పని చేయగలవు. తెర తళతళలాడునది కాక, మసకపూత గలదై యుండుటయు ముఖ్యమే. తళతళలాడు తెరలో మన ముఖము, వెనుకనున్న కిటికీ కనబడును.

ఇక ఉపేక్షింపదగిన అంకెలు. తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మార్చునో తెలుపునది హెర్ట్‌జుల సంఖ్య. చదువుటకు, వ్రాయుటకు 60 చాలును. 75 గాని 100 గాని ఉన్నచో పుట పైకి క్రిందికి జరుగునపుడు నునుపుగా కనబడును. 144, 180 వంటి సంఖ్యలు వేగపు ఆటలు ఆడువారికి. ఒక మిల్లీసెకను స్పందన అను మాటయు అటువంటిదే. ఒక కోటి 67 లక్షల రంగులు అని కొట్టవచ్చినట్లు వ్రాయుదురు. సామాన్యమైన మానిటరులన్నియు దాదాపు అన్ని రంగులు చూపునవే. హెచ్.డి.ఆర్. అను ముద్రకు అర్థము ఉండవలెనన్నచో తెరకు మిక్కిలి ప్రకాశము కావలెను. చౌక తెరలకు అంత ప్రకాశము లేదు. వంపు తిరిగిన తెర అందమునకే గాని, చిన్న పరిమాణములలో ప్రయోజనము స్వల్పము. వీటికై ఇచ్చు ప్రతి రూపాయియు అక్షర స్పష్టతనుండి తీసి ఇచ్చిన రూపాయియే.

కొనుటకు ముందు ఇంటనున్న కంప్యూటరు వెనుకవైపు ఒకసారి చూడవలెను. అందు ఏ రంధ్రము ఉన్నదో మానిటరుకును అదియే ఉండవలెను. 1987లో వచ్చిన వి.జి.ఏ. తీగ ఇప్పటికిని కొన్నింట ఉన్నది. దానిలో బొమ్మ కొంత మసకబారును. హెచ్.డి.ఎం.ఐ. గాని డిస్‌ప్లే పోర్టు గాని ఉన్నచో దానినే వాడుకొనుట మేలు. పాత కంప్యూటరు 2560, 1440 పిక్సెలులను నడుపగలదో లేదో ముందుగా విచారింపనిచో, పెట్టిన అదనపు సొమ్ము వృథాయగును.

ఇపుడు అసలైన పరీక్ష. సికింద్రాబాదు పార్కులేనులో గాని, మీ ఊరి అంగడిలో గాని, చేపల బొమ్మను ఆపుమని మర్యాదగా అడుగుడు. మీ ఫోనులోనో, చిన్న పెన్‌డ్రైవులోనో ఒక తెలుగు పుటను తీసికొనిపోయి, తెరమీద పెట్టించుడు. చేయి చాచిన దూరములో కూర్చుండి, "అర్థము, అర్ధము, కథ, వ్యథ, విధి, రాష్ట్రము, స్త్రీ" అను మాటలను ఊహింపక చదువుడు. తరువాత పూర్తిగా తెల్లని పుటను, పూర్తిగా నల్లని పుటను చూచి, వెలుగని చుక్కలు గాని ఆరని చుక్కలు గాని ఉన్నవేమో గమనింపుడు. ఒకటి రెండు చుక్కలు చెడినను కొందరు తయారీదారులు వస్తువును మార్చి ఇయ్యరు. కావున డబ్బు చెల్లింపక పూర్వమే చూచుట శ్రేయస్కరము. ఇంటికి తెప్పించుకొనువారు తిరిగి ఇచ్చు గడువును ముందుగా తెలిసికొని, వస్తువు వచ్చిన నాడే ఈ పరీక్ష జరుపవలెను. రసీదు, హామీ కాలము, భారత ప్రమాణముల సంస్థ నమోదు గుర్తు చూచుకొనుట మరువరాదు.

వాడిన మానిటరును కొనుటయు తప్పు కాదు. కార్యాలయములు వదలివేసిన వాటిలో ఎత్తు మారు పీఠము గల గట్టి తెరలు చౌకగా దొరకుచుండును. కాని అరగంటసేపు వెలిగించి ఉంచి, అంచులు పసుపుబారినవా, కాంతి తగ్గుచున్నదా అని చూడవలెను.

కొత్తది కొను స్తోమత ఇప్పుడు లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. కంప్యూటరు అమరికలలో అక్షరముల పరిమాణమును 125 లేక 150 శాతమునకు పెంచినచో, ప్రతి అక్షరమునకు ఎక్కువ గళ్లు దక్కి వత్తులు విప్పారును. ఖర్చు లేని వైద్యము! మేమును మా పెద్ద తెరకు ఈ వైద్యమే చేసి, దానిని ఒక జానెడు వెనుకకు జరిపి, మరి మూడేండ్లు గడుపుకొంటిమి. కాంతిని గది వెలుతురుకు సరిపోవునట్లు తగ్గించుకొనుట, కిటికీ ప్రక్కగా ఉండునట్లు బల్లను త్రిప్పుకొనుట, ఇరువది నిమిషములకొకసారి ఇరువది సెకనులపాటు ఇరువది అడుగుల ఆవలి వస్తువును చూచుట, అప్పుడప్పుడు రెప్పలార్చుట, ఇవి ఎంత ఖరీదైన తెరకైనను కావలసిన నియమములే. తెర వలన కలుగు అలసటలో అధిక భాగము, రెప్ప వేయుట మరచి చూచుటవలన వచ్చునదేనని నేత్రవైద్యులు చెప్పుచున్నారు.

మూడేండ్ల తరువాత మేము కొన్న రెండవ మానిటరు మొదటిదానికంటె చిన్నది. దానిని చూచి మా అమ్మాయి మొదట కొంత చిన్నబుచ్చుకొన్న మాట నిజమే. ఆ సాయంకాలము మా పాత ప్రసంగ పాఠమును తెరచి, రకారము క్రింది వత్తులో నడిమి చుక్కను వ్రేలితో చూపినది ఆమెయే.