తిమింగిలపుటెముకల ఇండ్లు

ఉత్తర ధ్రువప్రాంతమును తలచినంతనే మంచుదిమ్మెలు పేర్చి గుమ్మటముగా కట్టిన ఇల్లే మనలో పలువురకు కన్నులకు గట్టును. కాని ఆ మంచుటిల్లు అచ్చటి గృహచరిత్రలో ఒక ఘట్టము మాత్రమే. రాతితోను, పచ్చికమట్టి పెళ్ళలతోను, తిమింగిలపు ఎముకలతోను దృఢమైన గృహములు నిర్మించుకొని, ఆ ఘోరశీతమున తరతరములు కాపురము చేసిన జనులు అచ్చట నుండిరి. వారిని అనాగరికులని తేలికగా పేర్కొను అలవాటు చిరకాలముగా నున్నది. వారి ఇంటికట్టడమును శ్రద్ధగా పరిశీలించినవా రెవ్వరును ఆ మాట తిరిగి అనజాలరు.

ఇల్లు కట్టదలచినవానికి ఆ సీమ యిచ్చునది అత్యల్పము. చెట్టు మొలవదు, అచ్చటి విల్లో మొక్క సయితము గాలికి వెరచి నేలనంటి ప్రాకునేగాని తలయెత్తదు. వేసవియందు పైపొర కరగినను, దాని క్రిందినేల సంవత్సరము పొడవునను గడ్డకట్టియే యుండును. కలప కావలెనన్నచో, సైబీరియా నదులు అడవులనుండి కొట్టుకొనివచ్చి సముద్రమున విడిచిన మ్రానులు, తేలియాడు మంచులో చిక్కి, ఏండ్లతరబడి ప్రయాణించి, ఒడ్డు చేరువరకు వేచియుండవలసినదే.

ఇట్టి నిరుపేద ప్రకృతియందే, గ్రీన్లండు ఉత్తరపు కొసనున్న పియరీలాండులో, సుమారు 4,400 సంవత్సరముల క్రిందట మనుష్యులు నివసించిరి. శిల్పియు అన్వేషకుడునైన డెన్మార్కు దేశస్థుడు ఐగిల్ క్నూత్, 1947 మొదలుకొని అచ్చట జరిపిన పరిశోధనలలో వారి జాడలను వెలికితీసెను. రెండు వరుసలుగా నిలిపిన రాతిపలకలు, వాని నడుమ పొయ్యి: మిగిలినది దాదాపు ఇంతే. అది మంచు స్వల్పముగా కురియు శీతల మరుభూమి యగుటచేతనే కస్తూరి ఎద్దులు అచ్చట మేయగలిగినవి; వానిని వేటాడి జనులు బ్రతుకగలిగిరి. సూర్యుడు సుమారు నాలుగు నెలలు కానరాని ఆ సుదీర్ఘరాత్రిని వారు గడపినది ఆ చిన్న పొయ్యి నాశ్రయించియే.

గృహనిర్మాణ కౌశలము పరాకాష్ఠ నందినది మాత్రము థూలే సంస్కృతి జనులయందు. అలాస్కా తీరమునుండి బయలుదేరి, సుమారు 13వ శతాబ్దమున కెనడా దీవులమీదుగా గ్రీన్లండు వరకు వ్యాపించిన వీరు నేటి ఇన్యూట్ జనుల పూర్వికులు. క్నుడ్ రాస్ముసెన్ నాయకత్వమున సాగిన ఐదవ థూలే యాత్రలో, 1922లో, థెర్కెల్ మాథియాసెన్ నౌజాన్ అను చోట త్రవ్వి వీరి ఇండ్లను లోకమునకు ఎరుకపరచెను. చర్మపు పడవలలో కడలికి వెడలి, పదునెనిమిది మీటర్ల వరకు పెరుగు తిమింగిలమును ఈటెలతో పడవేసిన వీరికి, ఆ ఒక్క జంతువే ఆహారమును, దీపమునకు తైలమును, ఇంటికి దూలములును అయ్యెను. నేలను కొంత త్రవ్వి, అడుగున రాతిపలకలు పరచి, దవడయెముకలను ప్రక్కటెముకలను వంపుగా నిలిపి, పైన చర్మములు కప్పి, వానిమీద పచ్చికమట్టిని మందముగా పేర్చిరి.

ఆ యింటి మర్మమంతయు ద్వారమందున్నది. లోపలికి ప్రాకిపోవలసిన ఇరుకైన సొరంగము గదినేలకన్న పల్లముగా నుండును. బరువైన చలిగాలి అందే నిలిచిపోవును, తేలికయైన వెచ్చని గాలి పైకెగసి, వెనుకనున్న ఎత్తైన శయనవేదిక నాశ్రయించును. ఒక రాతిదీపము, నాచువత్తి, కుటుంబసభ్యుల శరీరోష్ణము చాలును. భౌతికశాస్త్ర గ్రంథ మేదియు చదువకయే, కేవలము సూక్ష్మపరిశీలనచేత సాధించిన ఈ విజయమునకు నేను నమస్కరించుచున్నాను.

ఈ నివాసముల కాలమును గుర్తించుటకు భూమియే తోడ్పడినది. పూర్వము హిమఫలకముల భారమున క్రుంగిన నేల, అవి కరగిన పిమ్మట మెల్లగా పైకి లేచుచుండుటచే, ఇగ్లూలిక్ వంటి చోట్ల పాత తీరరేఖలు మెట్లవలె నిలిచినవి. ఎత్తైన మెట్టు మీది విడిది సామాన్యముగా ప్రాచీనతరము.

ఎముకయు తోలును ఇన్నాళ్ళు చెడక నిలిచినవన్నచో గడ్డకట్టిన నేలయే కారణము. ఇప్పుడా నేల కరగుచున్నది. సముద్రపు మంచు ఆలస్యముగా పేరుకొనుటచే శరత్కాలపు తుపానులు తీరమును కోసివేయుచున్నవి. అలాస్కాలోని వాలక్పా అను ప్రాచీననివాసము ఇప్పటికే కడలిపాలగుచున్నది. త్రవ్వి, చిత్రించి, వ్రాసియుంచవలసిన ఈ పనికి ధనమిచ్చుటకును, స్థానిక పెద్దల జ్ఞానమును సగౌరవముగా సేకరించుటకును ధ్రువతీర దేశముల ప్రభుత్వములు ఇంకను జాగు చేయరాదు.