నూజివీడు మామిడి తోట అమ్మితే ఇక్కడ ట్యాక్స్ సున్నా.. కెనడాలో మాత్రం లెక్క చెప్పాల్సిందే!

నూజివీడు అంటేనే బంగినపల్లి, రసాలు. తోట మీద వచ్చిన డబ్బుతో పిల్లల్ని చదివించి కెనడా పంపిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. మరి అదే తోట ఆ పిల్లల పేరు మీదకు వచ్చాక అమ్మితే? "వ్యవసాయ భూమి కదా, ట్యాక్స్ ఉండదులే" అనుకుంటారు చాలామంది. ఆ మాట మన దేశం వరకే. అదీ అన్ని తోటలకూ కాదు.

ఇక్కడ రూల్ ఏంటి?

మన ఆదాయపు పన్ను చట్టం ప్రకారం గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే వచ్చే లాభంపై పన్ను లేదు. ఎన్నారైలకూ ఇదే వర్తిస్తుంది. అయితే దూరం చూసుకోవాలి. 10 వేల నుంచి లక్షలోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ అయితే, దాని హద్దు నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉన్న భూమిని గ్రామీణ భూమిగా లెక్కించరు. 2011 జనాభా లెక్కల ప్రకారం నూజివీడు ఈ కోవలోకే వస్తుంది. కొలిచేది రోడ్డు వెంట కాదు, గాల్లో నేరుగా. అంటే ఆగిరిపల్లి, ముసునూరు వైపు పల్లెల్లోని తోటకు, టౌన్‌ను ఆనుకుని ఉన్న తోటకు లెక్క వేరు.

టౌన్ పక్క తోటను రెండేళ్లకు పైగా ఉంచి అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను, పైన సెస్ ఉంటాయి. 2024 జులై 23కు ముందు కొన్న భూమికి ఇండెక్సేషన్‌తో 20 శాతం ఎంచుకునే వీలు ఇక్కడుండే వారికే. ఎన్నారైలకు లేదు.

కెనడాలో ఏమవుతుంది?

పౌరసత్వం రాకపోయినా సరే.. పన్ను లెక్కల్లో కెనడా నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ చూపించాలి. తోట వాళ్ల పేరు మీద ఉంటే కౌలు డబ్బులు కూడా అందులోకే వస్తాయి. అమ్మితే లాభంలో సగం ఆ ఏడాది ఆదాయానికి కలుస్తుంది.

రెండున్నర లక్షల డాలర్లు దాటిన లాభంలో ఈ సగాన్ని మూడింట రెండు వంతులకు పెంచుతామని 2024 బడ్జెట్‌లో కెనడా ప్రకటించింది. 2025 మార్చి 21న ప్రధాని మార్క్ కార్నీ దాన్ని రద్దు చేశారు. కాబట్టి పాత లెక్కే కొనసాగుతోంది. ఇండియాలో పన్ను కట్టి ఉంటే అక్కడ దానికి క్రెడిట్ అడగొచ్చు.

అసలు కీలకం ఆ రోజు విలువే!

నాన్న ఎప్పుడో కొన్న ధర కెనడా చూడదు. వారసత్వంగా లేదా గిఫ్ట్‌గా వస్తే, వచ్చిన రోజు మార్కెట్ విలువే కొన్న ధర. వెళ్లేనాటికే తోట సొంత పేరు మీద ఉంటే, అక్కడ నివాసి అయిన రోజు విలువ తీసుకుంటారు.

ఉదాహరణకు నాన్న 10 లక్షలకు కొన్న తోట చేతికొచ్చిన రోజు 80 లక్షలు పలికింది. తర్వాత కోటి 40 లక్షలకు అమ్మారు. లాభం 60 లక్షలు, ఆదాయంలో కలిసేది 30 లక్షలు. ఆ 80 లక్షలకు ఆధారం లేక పాత ధరే చూపిస్తే? ఏకంగా 65 లక్షలు కలుస్తుంది! అందుకే ఆ తేదీకి రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు తీయించి దాచుకోవాలి. ప్రభుత్వ విలువ చాలాచోట్ల మార్కెట్ ధర కంటే తక్కువే ఉంటుంది.

ఇవి మర్చిపోవద్దు

* విదేశీ ఆస్తుల కొన్న ధర మొత్తం లక్ష కెనడా డాలర్లు దాటితే ఏటా టీ1135 ఫారం వేయాలి. నివాసి అయిన మొదటి ఏడాదికి మినహాయింపు ఉంది. ఆలస్యమైతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 డాలర్ల వరకు జరిమానా.
* ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మేది మాత్రం దేశంలో ఉంటున్న భారత పౌరులకే.

బేరం కుదిరాక కాదు, అడ్వాన్స్ తీసుకోకముందే ఇక్కడి ఆడిటర్‌తో, అక్కడి ట్యాక్స్ కన్సల్టెంట్‌తో మాట్లాడుకోవడం మంచిది.