33 పేజీల ఉత్తరం

ఆటిజాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. పిలిస్తే పలుకుతున్నాడా, ఎలా ఆడుకుంటున్నాడు, కావలసింది ఎలా అడుగుతున్నాడు అన్నవి గమనించే నిర్ధారిస్తారు. ఆ గమనింపులో చాలా భాగం డాక్టరు చూడకముందే ఇంట్లో జరిగిపోతుంది. వైద్యులు ఈ స్థితికి పేరు పెట్టడానికి దారితీసిన కాగితాల్లో ఒకటి కూడా ఒక తండ్రి ఉత్తరమే.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరుంది. అక్కడి లాయరు బీమన్ ట్రిప్లెట్‌కు 1933లో డొనాల్డ్ పుట్టాడు. 1938లో అతణ్ణి బాల్టిమోర్‌లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్‌కు చూపించబోతూ, తండ్రి ముందుగానే 33 పేజీల వివరం టైపులో పంపాడు. 1943లో 11 మంది పిల్లల గురించి కానర్ ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో మొదటి పిల్లవాడు డొనాల్డే. ఉత్తరంలో వివరాలు మితిమీరి ఉన్నాయంటూనే, పిల్లవాడి గతాన్ని చక్కగా చెప్పిందని కానర్ మెచ్చుకున్నాడు. నిజానికి ఆ మితిమీరిన వివరాలే ఈనాటికీ ఆ వ్యాసానికి ప్రాణం.

ఏడాది వయసుకే డొనాల్డ్ పాటల బాణీలు తప్పులేకుండా కూనిరాగం తీసేవాడు. రెండేళ్లు నిండేలోపే ఊళ్లో ఎన్నో ఇళ్లు ఎవరివో చెప్పేవాడు. అక్షరమాలను ముందునుంచీ వెనకనుంచీ అప్పజెప్పేవాడు. కానీ ప్రశ్న అడగడం రాలేదు. తండ్రి ఇంటికొచ్చినా గమనించనట్టే ఉండేవాడు. గిన్నెలు, చెక్కదిమ్మెలు బొంగరాల్లా తిప్పుతూ గడిపేవాడు. తండ్రి జారుడుబల్ల కొనిస్తే, చుట్టూ పిల్లలున్నంతసేపూ బెదిరిపోయాడు. మర్నాడు పొద్దున ఎవరూ లేనప్పుడు వెళ్లి, తనంతట తానే ఎక్కి జారాడు.

అన్నిటికన్నా విలువైనవి మాటకు సంబంధించిన వివరాలు. స్నానం చేయాలనిపిస్తే డొనాల్డ్ ఆ మాట తల్లి అడిగే ప్రశ్నగానే అనేవాడు. తెలుగింట్లో బిడ్డ ఆకలైనప్పుడు ‘ఆకలేస్తోందా?’ అని తల్లినే అడిగినట్టన్నమాట. తనను ‘నువ్వు’ అని, ఎదుటివారిని ‘నేను’ అని అనేవాడు. ‘అవును’ అంటే భుజాల మీద ఎక్కించుకుంటానని తండ్రి ఆశపెట్టి నేర్పాడు. మాట వచ్చింది, కానీ చాలాకాలం దాని అర్థం ఒక్కటే: భుజాల మీద ఎక్కించుకో. ఇలాంటి మాటల్లో అర్థం లేదనుకోకూడదు. ఆ మాట మొదట ఎక్కడ, ఎప్పుడు విన్నాడో తెలిసినవారికి అర్థం దొరుకుతుంది. అది తెలిసేది ఇంట్లోవాళ్లకే.

ఈనాటి నిర్ధారణ రెండు అంశాల మీద నిలబడింది. ఒకటి, ఇతరులతో కలవడంలో, సంభాషణలో తేడా. రెండు, ఒకే పనిని మళ్లీమళ్లీ చేయడం, మార్పును తట్టుకోలేకపోవడం, కొన్నిటి మీదే విపరీతమైన ఆసక్తి. కుక్కర్ విజిల్, చొక్కా కుట్టు, వెలుతురు కూడా కొందరిని బాధిస్తాయి. మెదడు ఎదుగుదలలోని ఈ తేడాకు చాలావరకు జన్యువులే మూలం, అయితే ఏదో ఒక్క జన్యువు కారణమని చెప్పలేం. కొందరికి జీవితాంతం మాట రాదు. కొందరు ఉద్యోగాలు చేస్తారు. అందుకే దీన్ని స్పెక్ట్రమ్ అంటారు.

చరిత్ర మాత్రం తల్లుల పట్ల క్రూరంగా నడిచింది. తల్లి ప్రేమ చూపకపోవడమే కారణమన్న వాదాన్ని బ్రూనో బెటెల్‌హైమ్ వంటివారు ప్రచారం చేశారు. తానూ ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో పుస్తకం రాసి దాన్ని ఎదుర్కొన్నాడు. 1998లో 12 మంది పిల్లల గురించి ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను అనుమానించింది. ఆ పత్రికే 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను పరిశీలించినా టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. ఏటా ఏప్రిల్ 2ను ఆటిజం అవగాహన దినంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానించింది.

ఇప్పుడు తల్లిదండ్రులు బిడ్డ ఆటిజం గురించి నలుగురిలో చెప్పుకుంటున్నారు. ఎందుకో పై చరిత్రలోనే ఉంది: నింద తమ మీద పడుతూ వచ్చింది కాబట్టి. మన దగ్గర ఆ నింద వేరే మాటల్లో వస్తుంది. ఫోన్ చూపించి పాడుచేశారంటారు, దిష్టి అంటారు. మగపిల్లలకు మాట ఆలస్యమేలే అంటూ నాలుక మీద వస రాస్తూ ఏడాదో రెండేళ్లో గడిపేస్తారు. శిక్షణకు బాగా అక్కరకొచ్చే కాలం అదే. మరో కారణం హక్కులు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అది చేరింది. ధ్రువపత్రం కోసం వాడే 40 అంశాల భారతీయ కొలమానం సికింద్రాబాద్‌లోని మేధోవైకల్యాల జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ)లో తయారైంది. అందులోనూ బిడ్డను చూడటంతో పాటు తల్లిదండ్రులను అడుగుతారు. ఇప్పుడు ఆటిజం ఉన్న పెద్దవాళ్లే ముందుకొచ్చి, అవగాహన చాలదు, ఉన్నవాళ్లను ఉన్నట్టు అంగీకరించమంటున్నారు. వారి మాటకే ఎక్కువ బరువు ఇవ్వాలి.

డొనాల్డ్ 1958లో ఫ్రెంచి భాషలో డిగ్రీ తీసుకున్నాడు. ఊళ్లోని బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, కారు నడపడం నేర్చుకున్నాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు. కుటుంబానికున్న డబ్బు సాయపడింది. ఊరి సాయం అంతకన్నా తక్కువేమీ కాదు: ఊరు అతని తీరును తెలిసిన మనిషి తీరుగానే చూసింది. 2023లో, 89 ఏళ్ల వయసులో, ఫారెస్ట్‌లోనే కన్నుమూశాడు.

ఇంట్లో చూడవలసినవి

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వచ్చిన మాటలు పోవడం గమనించాలి. ఏడాదిన్నరకల్లా బిడ్డలు చందమామను వేలితో చూపించి, అమ్మ కూడా చూస్తోందా అని వెనక్కి తిరిగి చూస్తారు. అది లేకపోతే ఆగకూడదు. ఒక్క లక్షణంతో నిర్ధారణ కాదు, వినికిడి పరీక్ష కూడా చేయించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు, శిక్షణ ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వెళ్లేటప్పుడు బిడ్డ ఏ మాట ఎప్పుడు, ఎందుకు అన్నాడో తేదీలతో రాసిన నోటు పుస్తకం వెంట తీసుకెళ్లాలి.